పరగడుపున తేనె నీళ్ళు: ఒళ్ళు తగ్గేది దేనివల్ల?

బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు, కేఆర్ పురం వైపు తెలుగువాళ్ళు ఉండే ఏ ఇంటి వంటగట్టు చూసినా ఒళ్ళు తగ్గే ప్రయత్నాలు కనిపిస్తాయి. రాత్రి నానబెట్టిన మెంతుల గ్లాసు, జీలకర్ర నీళ్ళ సీసా, సగం వాడి వదిలేసిన యాపిల్ సిడార్ వెనిగర్, గ్రీన్ టీ ప్యాకెట్టు, ఊరి నుంచి అమ్మ కట్టి పంపిన ఉలవలు. ఒక్కోటి ఒక్కో సందర్భంలో మొదలై ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాక ఒకటి, పెళ్ళిచూపులకు ముందు ఒకటి, ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు చేతికొచ్చిన వారం ఇంకొకటి.

వీటిని వాడేవాళ్ళు చదువుకోని వాళ్ళేం కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా లెక్కలతో, లాజిక్‌తో పని చేసేవాళ్ళే. అయినా వాడుతున్నారంటే కారణం ఉంది: చిట్కా మొదలుపెట్టిన కొత్తలో చాలామందికి నిజంగానే బరువు తగ్గుతుంది. మెషీన్ ఎక్కి చూస్తే వారంలో రెండు కిలోలు పోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి "ఇవన్నీ ఉత్తవి" అని ఒక్క మాటతో తోసేస్తే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. ఆ పోయిన రెండు కిలోలు ఏమిటి, వాటిని పోగొట్టింది ఏమిటి అన్నది చూడాలి.

మొదటి వారం పోయేది ఏమిటి?

మనం తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీల్లోని పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. పెద్దవాళ్ళలో ఇది దాదాపు అర కిలో దాకా ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిలవ ఉంటుంది. ఏ చిట్కా మొదలుపెట్టినా మనిషి మామూలుగా అన్నం తగ్గిస్తాడు, రాత్రి భోజనం మానేస్తాడు, పచ్చళ్ళూ చిప్సూ పక్కన పెడతాడు. దాంతో గ్లైకోజెన్ ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరు పోతుంది, ఉప్పు తగ్గడం వల్ల ఇంకొంచెం నీరు పోతుంది. మెషీన్ మీద తగ్గిన అంకెలో ఎక్కువ భాగం ఈ నీరే.

కొవ్వు అంత తొందరగా పోదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. ఒంట్లోని కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. వారంలో రెండు కిలోల కొవ్వు పోవాలంటే రోజుకు 2,200 క్యాలరీలు లోటు పడాలి. చాలామంది రోజంతా తినేదే అంత ఉంటుంది. అంటే ఏమీ తినకుండా, మామూలుగా పని చేసుకుంటూ ఉంటే తప్ప అది జరగదు.

ఆ తర్వాతి వారం ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆదివారం స్నేహితులతో బిర్యానీ, సోమవారం మామూలు భోజనం. గ్లైకోజెన్ నిండుతుంది, నీరు తిరిగి వస్తుంది, అంకె పాత చోటికి చేరుతుంది. అప్పుడు మనిషి అనే మాట "నా ఒళ్ళే అంత, నీళ్ళు తాగినా లావెక్కుతాను" అని. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు ఈ మాట అనుకుని బాధపడుతున్నారో చెప్పలేం. పోయింది నీరు, వచ్చిందీ నీరే. అందులో ఆ మనిషి బలహీనత ఏమీ లేదు. బరువు తగ్గే చిట్కాల వల్ల జరిగే అన్ని నష్టాల్లోకీ ఈ అపరాధ భావమే పెద్దది. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. "నా వల్ల కాదు" అన్న నమ్మకం ఒకసారి పాతుకుంటే నిజంగా పనికొచ్చే ప్రయత్నం కూడా చేయబుద్ధి కాదు.

"కరిగించడం" అన్న మాట

తెలుగులో ఒళ్ళు తగ్గడం గురించి మాట్లాడితే ముందు వచ్చే మాట "కొవ్వు కరుగుతుంది" అని. పేరుకున్న నెయ్యిని పొయ్యి దగ్గర పెడితే కరిగినట్టు వేడినీళ్ళు తాగితే పొట్ట కరుగుతుందన్న ఊహ ఈ మాటలోనే ఉంది. కానీ మనిషి కొవ్వు శరీర వేడి దగ్గర ఎప్పుడూ నూనెలా మెత్తగానే ఉంటుంది. అది గట్టిగా ఉండి వేడికి కరిగేది కాదు. తాగిన వేడినీళ్ళు కూడా కాసేపట్లో ఒంటి వేడికే వచ్చేస్తాయి.

మరి కొవ్వు పోయేది ఎలా? 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసంలో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ లెక్క విడమరిచి చూపించారు. 10 కిలోల కొవ్వు శరీరంలో పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితో బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అంటే కొవ్వు ఎక్కువగా పోయేది ముక్కు గుండా. తిన్నదానికంటే ఎక్కువ శక్తి ఖర్చయినప్పుడే శరీరం దాన్ని వాడుకుంటుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలా ప్రకటనల గుట్టు తెలిసిపోతుంది. విరేచనంతో కొవ్వు పోదు, చెమటతో పోదు, నడుముకు కట్టే బెల్టుతో పోదు. ఏ చోట కదిలిస్తే ఆ చోట కొవ్వు తగ్గుతుందన్నదీ నిజం కాదు. 1971లోనే టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులూ కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి రాకెట్ పట్టిన చేతిలో చర్మం కింది కొవ్వు రెండో చేతి కంటే పల్చగా ఏమీ లేదు.

వంటింటి చిట్కాలు ఒక్కోటి

గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె. చిన్న చెంచా తేనెలో దాదాపు 20 క్యాలరీలు, పెద్ద చెంచాలో 60 దాకా ఉంటాయి. తేనె ఎంత మంచిదైనా శరీరానికి అది చక్కెరే. అయినా కొందరికి ఇది పని చేసినట్టు అనిపించడానికి కారణం, పొద్దున్నే రెండు చెంచాల చక్కెర వేసుకున్న కాఫీ, దాంతో పాటు నాలుగు బిస్కెట్లు ఉండే చోట ఈ గ్లాసు వచ్చి కూర్చోవడం. తగ్గించింది తేనె కాదు, పక్కకు తప్పుకున్న బిస్కెట్లు. కాఫీ, బిస్కెట్లు అలాగే ఉంచి పైన తేనె నీళ్ళు కూడా తాగేవాళ్ళకు క్యాలరీలు పెరుగుతాయి అంతే.

మెంతుల విషయం కొంచెం వేరు. మెంతుల్లో నీటిని పీల్చుకుని జిగురుగా మారే పీచు ఎక్కువ. అది కడుపు నిండిన భావన ఇస్తుంది, భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పెరగకుండా కొంత ఆపుతుంది. చిక్కేమిటంటే చాలామంది గింజలు వడకట్టి పారేసి ఆ నీళ్ళు మాత్రమే తాగుతారు. పీచులో ఎక్కువ భాగం ఆ పారేసిన గింజల్లోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళు తాగితే గింజలు కూడా నమిలి తినాలి. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా మెంతులు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టకూడదు, రెండూ కలిసి షుగర్ మరీ పడిపోవచ్చు. జీలకర్ర నీళ్ళు, వాము నీళ్ళు కడుపు ఉబ్బరానికి హాయిగా ఉంటాయి. ఉబ్బరం తగ్గితే ప్యాంటు వదులైనట్టు అనిపిస్తుంది. ఆ మేలు మంచిదే, కానీ అది కొవ్వు తగ్గడం కాదు.

ఉలవలు నిజంగా మంచి తిండి. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా ప్రొటీన్, మంచి పీచు ఉంటాయి. కర్ణాటకలో వీటినే హురుళి అంటారు, బెంగళూరులో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. అన్నం కొంత తగ్గించి ఉడికించిన ఉలవలు గుగ్గిళ్ళుగా తింటే ఆకలి తొందరగా వేయదు. కానీ పెళ్ళి భోజనంలో మీగడ వేసుకుని, రెండు మారులు అన్నం కలుపుకుని తినే ఉలవచారు వేరే సంగతి.

రాగి జావ మీద ఉన్న భ్రమ కూడా ఇలాంటిదే. రాయలసీమ నుంచి వచ్చినవాళ్ళకు రాగి సంగటి, బెంగళూరుకు రాగి ముద్ద, రెండూ బంధువులే. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యం కంటే చాలా ఎక్కువ. కానీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు: 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 320, అంతే బియ్యంలో 350 పైచిలుకు. మెత్తగా పట్టిన పిండిని పల్చగా కాచి బెల్లం వేసుకుని గటగటా తాగితే రెండు గంటల్లో మళ్ళీ ఆకలేస్తుంది. ముద్దగా చేసుకుని ఆకుకూర పప్పుతోనో సొప్పు సారుతోనో తింటే ఆగుతుంది. రాగులు బరువు తగ్గించే మందు కాదు, మంచి ధాన్యం.

యాపిల్ సిడార్ వెనిగర్‌కు సైన్సు పేరు చెప్పి ఎక్కువ ప్రచారం జరిగింది కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగాలి. 2009లో జపాన్‌లో 155 మంది మీద 12 వారాల అధ్యయనం జరిగింది. రోజుకు 15 లేదా 30 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపిన పానీయం తాగినవాళ్ళు ఒకటి నుంచి రెండు కిలోల దాకా తగ్గారు. తాగడం ఆపిన నాలుగు వారాలకు తగ్గిన బరువు తిరిగి వచ్చేసింది. ఆ పరిశోధన చేసింది వెనిగర్ తయారు చేసే కంపెనీ వాళ్ళే. 2024లో లెబనాన్ నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకా పెద్ద ఫలితం చూపించింది, ప్రపంచమంతా వార్తలయ్యాయి. లెక్కలు నమ్మదగినవిగా లేవని 2025లో ఆ జర్నలే దాన్ని వెనక్కి తీసుకుంది. మొదటి వార్త చదివినవాళ్ళలో రెండో వార్త చూసినవాళ్ళు చాలా తక్కువ. నీళ్ళు కలపకుండా తాగితే పళ్ళ పింగాణీ పొర దెబ్బతింటుంది, గొంతు మండుతుంది.

గ్రీన్ టీ మీద 2012లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసింది. జపాన్ బయట జరిగిన పరీక్షల్లో గ్రీన్ టీ వల్ల వచ్చిన తేడా సగటున 0.04 కిలోలు, అంటే 40 గ్రాములు. చక్కెర వేసిన టీకి బదులుగా తాగితే మేలే. అదే గ్రీన్ టీ సారాన్ని మాత్రల్లో పెద్ద మోతాదుల్లో మింగితే మాత్రం కాలేయానికి ప్రమాదం. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన పదార్థం) తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగవచ్చని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది.

వీటన్నిటి మధ్య నిజంగా కొంత ఫలితం చూపిన చిట్కా ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. భోజనానికి ముందు అర లీటరు మామూలు నీళ్ళు తాగడం. 2010లో అమెరికాలో నడివయసు దాటిన 48 మందికి ఒకే రకమైన తక్కువ క్యాలరీల భోజనం ఇచ్చి, సగం మందిని మూడు పూటలా భోజనానికి ముందు నీళ్ళు తాగమన్నారు. 12 వారాల తర్వాత నీళ్ళు తాగినవాళ్ళు రెండో జట్టు కంటే దాదాపు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. నీళ్ళలో మహిమ ఏమీ లేదు. కడుపులో చోటు తగ్గి వాళ్ళు తక్కువ తిన్నారు.

మందు తినని జట్టు కూడా తగ్గింది

చిట్కా పని చేసిందో లేదో సొంత అనుభవంతో ఎందుకు తేల్చుకోలేమో చెప్పే పరీక్ష ఒకటి 1998లో జరిగింది. గార్సినియా కాంబోజియా అన్న పేరుతో మాత్రలు అమ్ముతుంటారు. అది మన పడమటి కనుమల చెట్టే. కన్నడిగులు ఉప్పగె అంటారు, మలయాళీలు కుడంపులి అని చేపల పులుసులో వేస్తారు. అమెరికాలో 135 మందిని రెండు జట్లు చేసి, అందరికీ పీచు ఎక్కువ, క్యాలరీలు తక్కువ ఉన్న భోజనం చెప్పి, ఒక జట్టుకు గార్సినియా, ఇంకో జట్టుకు మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. 12 వారాలకు గార్సినియా జట్టు సగటున 3.2 కిలోలు తగ్గింది. ఉత్త మాత్రల జట్టు 4.1 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగినంత పెద్దది కాదు, కాబట్టి రెండూ సమానమనే అనుకోవాలి.

ఇప్పుడు గార్సినియా జట్టులోని ఒక మనిషి వైపు నుంచి ఆలోచించాలి. మూడు నెలలు మాత్ర మింగాడు, మూడు కిలోలు తగ్గాడు. పక్కింటివాళ్ళు అడిగితే "ఈ మాత్ర వాడాను, తగ్గాను" అనే చెబుతాడు. అందులో అబద్ధం లేదు. కానీ అతన్ని తగ్గించింది మారిన భోజనం. మన బంధువుల్లో, ఆఫీసుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకే ప్రతి చిట్కా వెనకా ఇదే కథ ఉంటుంది. పిన్ని చెప్పినా, కొలీగ్ చెప్పినా వాళ్ళు మోసం చేయడం లేదు. ఫలితాన్ని తప్పు చోట కట్టబెడుతున్నారు. అందుకే "ఇది వాడి తగ్గాను" అని ఎవరైనా చెబితే అడగాల్సింది ఒక్కటే: అది మొదలుపెట్టినప్పుడు తిండిలో ఏమేం మానేశారు?

సొరకాయ రసం ముచ్చట

లాల్‌బాగ్ లాంటి చోట్ల పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళ కోసం గేటు బయట ఉసిరి, కాకర, సొరకాయ, కలబంద రసాలు అమ్ముతుంటారు. ఇందులో సొరకాయ రసం గురించి గట్టిగానే చెప్పాలి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసం కలిపి తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, నిపుణుల కమిటీ వేసి ఇలాంటి కేసులన్నీ పరిశీలించింది. సొర, దోస, బీర జాతి కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం కొన్నిసార్లు ఎక్కువగా చేరుతుంది. అది వాంతులు, రక్త విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా తీసుకెళ్తుంది. రసం చేదుగా ఉంటే తాగొద్దని, తాగాక వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని ఆ కమిటీ చెప్పింది.

మన వంటిళ్ళలో దీనికి పాత జాగ్రత్త ఒకటి ఉంది. దోసకాయ గానీ బీరకాయ గానీ సొరకాయ గానీ కోసేటప్పుడు అమ్మలు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తారు. చేదుంటే కాయంతా పారేస్తారు. నిజమైన ఇంటి చిట్కా అంటే అదీ. కాకర రసంతో కలిపి తాగేటప్పుడు ఏ చేదు దేనిదో తెలియదు, పైగా "చేదుగా ఉంటేనే ఒంటికి మంచిది" అన్న నమ్మకంతో ముక్కు మూసుకుని మింగేస్తారు. ఆ పాత జాగ్రత్త అక్కడ పని చేయకుండా పోతుంది.

డిటాక్స్ టీల పేరుతో వచ్చేవాటిలో చాలాసార్లు సునాముఖి ఆకు ఉంటుంది. అది విరేచనకారి. తిన్నదాంట్లోని శక్తిని శరీరం చిన్నపేగులోనే పీల్చేసుకుంటుంది, సునాముఖి పని చేసేది పెద్దపేగు మీద. అంటే క్యాలరీలన్నీ లోపలికి వెళ్ళిపోయాక నీళ్ళు, పొటాషియం బయటికి పోతాయి. రోజూ తాగితే నీరసం, కండరాల నొప్పులు, గుండె దడ వస్తాయి.

డైట్లు

2017, 2018 ప్రాంతంలో తెలుగు ఇళ్ళను వీరమాచనేని డైట్ ఊపేసింది. బెంగళూరు తెలుగువాళ్ళలో కూడా కొబ్బరి నూనె కొలుచుకుని, నిమ్మకాయలు పిండుకుని, అన్నం, చక్కెర పూర్తిగా మానేసినవాళ్ళు చాలామంది. చాలామంది తగ్గారు కూడా. మొదట నీరు పోతుంది, తర్వాత తిండిలోని కొవ్వు, ప్రొటీన్ల వల్ల ఆకలి అణుగుతుంది, తినదగిన పదార్థాల జాబితా చిన్నదైపోవడం వల్ల తిండే తగ్గుతుంది. ఇంతవరకు అర్థమయ్యే విషయమే. కానీ పప్పన్నం, ఇడ్లీ, పండు లేకుండా తెలుగు మనిషి ఎన్నాళ్ళు ఉండగలడు? ఏడాది తర్వాత ఎంతమంది అదే పద్ధతిలో ఉన్నారో ఎవరి బంధువర్గంలో వాళ్ళు లెక్కపెట్టుకుంటే జవాబు దొరుకుతుంది. కొబ్బరి నూనె మిగతా వంట నూనెల కంటే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుందని 2020లో పరీక్షలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇలాంటివి సొంతంగా మొదలుపెట్టడం ప్రమాదం.

అసలు ఏ డైట్ గొప్పదన్న వాదనకు 2018లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష చాలావరకు జవాబిచ్చింది. 609 మందిలో సగం మంది కొవ్వు తగ్గించారు, సగం మంది పిండిపదార్థం తగ్గించారు. ఏడాదికి మొదటివాళ్ళు 5.3 కిలోలు, రెండోవాళ్ళు 6 కిలోలు తగ్గారు. ఆ తేడాకు అర్థం లేదు. రెండు జట్లకూ చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు బాగా తినమనే చెప్పారు. 16 గంటల ఉపవాసం సంగతి కూడా అంతే. 2022లో చైనాలో 139 మంది మీద ఏడాది పాటు చూస్తే, ఒకే క్యాలరీలు తిన్నప్పుడు ఎనిమిది గంటల్లో తిన్నా రోజంతా తిన్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాత్రి పదింటికి ఆర్డర్ పెట్టి తినే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ నియమం ఆ ఆర్డర్‌ను ఆపుతుంది కాబట్టి ఉపయోగపడవచ్చు.

మరీ వేగంగా తగ్గితే శరీరం ఊరుకోదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళకు 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. ఆరేళ్ళు గడిచినా వాళ్ళ శరీరం విశ్రాంతిలో ఖర్చు చేయాల్సినదానికంటే రోజుకు 500 క్యాలరీలు తక్కువే ఖర్చు చేస్తోంది. కరువు వచ్చిందనుకుని శరీరం పొదుపు చేస్తుంది, ఆకలిని పెంచుతుంది. దీన్ని మనిషి సోమరితనం అనడం అన్యాయం. పిత్తాశయంలో రాళ్ళు రావడం కూడా వేగంగా తగ్గేవాళ్ళలో ఎక్కువ.

బెంగళూరు రోజు

ఇక్కడి తెలుగు ఉద్యోగి రోజు ఎలా ఉంటుంది? ఔటర్ రింగ్ రోడ్డు మీద, సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్‌లో గంటా గంటన్నర, ఆఫీసులో కుర్చీ, మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో పప్పు, కందిపొడి, నెయ్యితో మారు మీద మారు వడ్డించే అన్నం, సాయంత్రం టెన్షన్‌లో కాఫీ, అమెరికా వాళ్ళతో రాత్రి కాల్స్, పదకొండింటికి ఫోన్‌లో ఆర్డర్ చేసిన భోజనం. ఈ రోజు మొత్తాన్ని అలాగే ఉంచి, పొద్దున ఒక గ్లాసు జీలకర్ర నీళ్ళు అడ్డుపెడితే అది ఎంత పని చేయగలదు?

మార్చగలిగినవి ఈ రోజులోనే ఉన్నాయి. నిద్ర సంగతి ముందు. 2022లో షికాగోలో ఆరున్నర గంటల కంటే తక్కువ నిద్రపోయే 80 మందిని తీసుకుని, అందులో ఒక జట్టుకు నిద్ర పెంచుకునే సలహాలిచ్చారు. రోజుకు గంటా పది నిమిషాలు ఎక్కువ పడుకున్న ఆ జట్టు, డైట్ మాటే ఎత్తకుండా, రోజుకు సుమారు 270 క్యాలరీలు తక్కువ తిన్నది. ఇంత ఫలితం ఇచ్చే పొడి గానీ కషాయం గానీ లేదు.

వంట నూనె లెక్క ఇంట్లో ఎవరైనా వేసుకోవచ్చు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల డబ్బా అయిపోతుంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లకు పైగా పడుతోంది, అంటే దాదాపు 340 క్యాలరీలు. దాన్ని 3 లీటర్లకు తెస్తే మనిషికి రోజుకు సుమారు 135 క్యాలరీలు తగ్గుతాయి. పోపు మానక్కర్లేదు, వేపుడు వారానికి ఒకసారికి మారిస్తే చాలావరకు వచ్చేస్తుంది. కాఫీ కూడా అంతే. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 160 క్యాలరీలు. ఇక్కడి దర్శినుల్లో, అంటే నిలబడి తినే చిన్న హోటళ్ళలో, కాఫీ చాలాసార్లు చక్కెర కలిపే ఇస్తారు. "సక్కరె బేడ" (చక్కెర వద్దు) అని రెండు కన్నడ మాటలు నేర్చుకుంటే సరిపోతుంది.

అన్నం మీద కోపం అక్కర్లేదు, వాటా మీద చూపు కావాలి. ఐసీఎంఆర్ పర్యవేక్షణలో దేశమంతా జరిగిన సర్వే ప్రకారం భారతీయులు తీసుకునే క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. కంచంలో ముందు కూర, పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి పెట్టుకుని, అన్నం చివర వడ్డించుకుంటే మారు వడ్డన దానంతట అదే తగ్గుతుంది. మెస్‌లో కూడా ఇది చేయవచ్చు, రెండో గరిటె అన్నం వద్దనడానికి మొహమాటపడకూడదు.

నడక విషయంలో ఆశ పెట్టుకోవాల్సింది బరువు మీద కాదు. అగర చెరువు చుట్టూ అరగంట చురుగ్గా నడిస్తే 70 కిలోల మనిషికి ఖర్చయ్యేది 120 నుంచి 150 క్యాలరీలు. తిరిగొచ్చేటప్పుడు తిన్న ఒక వడ దాన్ని పూడ్చేస్తుంది. కానీ షుగర్, బీపీ, నిద్ర, మనసు, తగ్గిన బరువు మళ్ళీ రాకుండా నిలబడటం, వీటన్నిటికీ నడక కావాలి. వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం కలిస్తే కండ నిలుస్తుంది.

కిలోల కంటే టేపు మంచిది. పుణేలో పనిచేసే వైద్యుడు యాజ్ఞిక్ 2004లో లాన్సెట్‌లో తన ఫొటో, తన బ్రిటిష్ సహచరుడి ఫొటో పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె, 22.3. బ్రిటిష్ వైద్యుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే మన శరీర తీరు ఇది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రెండు వారాలకోసారి టైలర్ టేపుతో కొలుచుకుంటే నీటి బరువు ఆటలు మనసును పాడుచేయవు.

ఇంజెక్షన్లు, పొడులు

2025 మార్చిలో టిర్జెపటైడ్, జూన్‌లో బరువు తగ్గడం కోసం సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చాయి. ఇవి చిట్కాలు కావు, గట్టి పరీక్షలు దాటిన మందులు. సెమాగ్లుటైడ్ పరీక్షలో 68 వారాలకు సగటున బరువులో 15 శాతం దాకా తగ్గింది. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఊబకాయంతో షుగర్, గుండె సమస్యలు ఉన్నవాళ్ళకు ఇవి ప్రాణం కాపాడే సాయం కావచ్చు. వీటిని వాడటం సిగ్గుపడాల్సిన విషయం కాదు. పెళ్ళికి ముందు మూడు నెలలు వాడి వదిలేసే వస్తువులూ కాదు.

పేరు లేని డబ్బాల్లో వచ్చే "హెర్బల్" పొడులు మాత్రం వేరు. గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్‌లో, ఆ వెంటనే మన దేశంలోనూ ఆపేసిన సిబుట్రమైన్ అనే మందును మూలికల పొడుల్లో రహస్యంగా కలిపి అమ్మిన సంగతిని అమెరికా ఔషధ సంస్థ ఎన్నోసార్లు బయటపెట్టింది. అందుకే మరీ గట్టిగా పని చేస్తున్న మూలికా పొడిని చూసి సంతోషించడం కంటే అనుమానించడం మేలు. మన దేశంలో 1954 నాటి మందులు, మహిమల ప్రకటనల చట్టం షెడ్యూల్లో ఊబకాయం పేరు కూడా ఉంది. ఫలానా మందుతో లావు తగ్గుతుందని ప్రచారం చేయడం ఆ చట్టం ప్రకారం నేరం. "నెలలో పది కిలోలు గ్యారంటీ" అన్న బోర్డు కనిపిస్తే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

ఎంత చేసినా తగ్గని బరువు వెనక థైరాయిడ్, పీసీఓడీ, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు కూడా ఉండవచ్చు. అలాంటివాళ్ళను "నోరు కట్టుకో" అని ఇంట్లోవాళ్ళు అనడం క్రూరం, ముందు రక్తపరీక్ష కావాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చాలామంది వంటగట్టు మీది సీసాల సంగతి దాచిపెడతారు, తిడతారేమోనని. కాలేయం దెబ్బతిన్న మనిషికి కారణం వెతకడంలో ఆ దాపరికమే రోజుల తరబడి ఆలస్యం చేస్తుంది. వాడుతున్న పొడి, కషాయం, మాత్ర ఏదైనా సరే, డబ్బాతో సహా సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాలి.